మరక మీద వేసిన సూర్యుడు

ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ కట్టడాలకు రంగులు కలిపాను. నా నోటుబుక్కుల ప్రకారం గోడలకు కలిపినవి నాలుగు వందల పన్నెండు, తలుపులకూ కిటికీలకూ కలిపినవి నూట అరవై మూడు. పటంలో వేసిన సూర్యుడు ఒక్కటి. మిగతావన్నీ ఒక పళ్లెంలో, ఆ ఒక్కదాన్ని ఇంకో పళ్లెంలో పెడితే ఏది బరువో పోయిన ఏడాది వరకు నాకు తెలియదు. తెలిసిన క్షణంలో చేతిలో ఉన్న టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. ఆ గది, ఆ కిటికీ, ఆ బల్ల నాకు ముప్పై ఏళ్లుగా తెలిసినవే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్లు ఇందులో ఉండవు. అవి ఎవరి ఉద్యోగంలోనైనా ఒకేలా ఉంటాయి. నేను సిరోంచలో ఎనిమిదో తరగతి వరకు మరాఠీలో చదివాను. తెలుగు అక్షరాలు ప్రాణహిత అవతలి తెలుగు ఊళ్ల నుంచి వచ్చే బోర్డులు చూసి నేర్చుకున్నాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు. మగ్గులు, బకెట్లు, గోడల పొడవు వెడల్పులే నేర్పాయి. ఇరవై రెండో ఏట చేరాను. టర్పెంటైన్ వాసనకు దమ్ము పట్టుకుని ఊపిరాడకపోవడంతో యాభై మూడో ఏట నా అంతట నేనే దిగిపోయాను.

తల్లి బకెట్

నాకు పని నేర్పింది హైదర్ ఉస్తాద్. నేను చేరేనాటికి ఆయనకు యాభై. మనిషి పొట్టి, మాట తక్కువ, తిట్లు ఎక్కువ. ఏ కట్టడానికి వెళ్లినా రంగు డబ్బాలు విప్పకముందే ఒక పెద్ద బకెట్‌లో సున్నం, మసి, కొంచెం ఎర్ర జాజు, చిటికెడు నీలిమందు కలిపి బూడిద రంగు చేసేవాడు. దాన్ని తల్లి బకెట్ అనేవాడు. ఆ కట్టడానికి వేసే ప్రతి రంగులోనూ, నీలమైనా పసుపైనా, ఆ బకెట్‌లోంచి ఒక మగ్గు పడాల్సిందే.

నేను చేరిన మొదటి నెలలో ఒక బడికి పని పడింది. హెడ్మాస్టరు ఒక్కో గదికి ఒక్కో రంగు అడిగాడు: నీలం, పసుపు, ఎరుపు. ఉస్తాద్ మెరిసిపోతున్న నీలంలో బూడిద పోస్తుంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

"ఉస్తాద్, నీలం ఖరాబ్ అయితది గదా?"

"ఏం ఖరాబ్ అయితదిరా? నీలం నీలమే ఉంటది. జర నోరు తగ్గుతది, అంతే."

"ఆయన అడిగింది మంచి నీలం."

"ఆయన ఒక్కొక్క డబ్బా మూత తీసి చూసి అడిగిండు. రేపు నిలబడి చూసేది మొత్తం బడిని. మూడు రంగులు మూడు దిక్కుల లొల్లి పెడితే ఆడ కూసున్న పిల్లలు ఏం చదువుతరు?"

పని అయ్యాక రోడ్డు మీద నిలబడి చూశాను. మూడు గదులూ మూడు రంగులే. కానీ ఒకే ఇంటి మనుషుల్లా కనిపించాయి. ఏ రంగూ ముందుకు దూకలేదు. ఉస్తాద్ కొలత లేకుండా పోసిన మగ్గులను నేను దొంగచాటుగా లెక్కపెట్టాను. పది వంతులకు ఒకటి, మరీ ఎక్కువైతే ఎనిమిదికి ఒకటి. ఆయన చెయ్యి ఏనాడూ ఆ హద్దు దాటలేదు. ఈ మాట చెబితే నవ్వి, "నువ్వు రంగులోడివి కాదురా, లెక్కలోడివి" అన్నాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో నేను లెక్కల మల్లేశునయ్యాను.

ఉస్తాద్‌కు చదువు రాదు. అయినా నా నోటుబుక్కులో గళ్లు గీయించింది ఆయనే. నాలుగు గళ్లు: తేదీ, జాగా, కొలత, ఎందుకు. మొదట్లో నాలుగోది ఖాళీగా వదిలేసేవాణ్ని. ఆస్పత్రి తలుపుకు రంగు ఎందుకు వేస్తారో రాసేదేముంది? ఒకరోజు నా చేత మొత్తం పేజీ చదివించుకుని, పుస్తకం నా ఒళ్లోకి విసిరాడు.

"జాగా రాసినవ్, కొలత రాసినవ్. ఎందుకో ఏది?"

"తలుపు పాతదయింది ఉస్తాద్, అందుకే."

"గదే రాయి. చెదలు పట్టింది, అందుకు. ఎండకు పెచ్చులు లేసింది, అందుకు. ఎందుకో తెల్వనోడు బ్రష్ ముంచొద్దు."

ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆ గడి ఒక్కసారి కూడా ఖాళీగా వదల్లేదు.

కామెర్ల గోడ

ఉస్తాద్ రిటైరయ్యాక అడవి పల్లెలో ఒక చిన్న ఆస్పత్రికి నేను ఒక్కణ్నే రంగు కలిపాను. లోపల చీకటిగా ఉంటుందని పసుపు ఎంచుకున్నాను. పని బాగా కుదిరిందని నమ్మి తిరిగి వచ్చాను. ఎనిమిది రోజులకు నర్సమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, ఏం రంగేసినవే? నిన్న ముగ్గురిని చూసి కామెర్లని రక్తపరీక్షకు రాసిన. బయటికి తోలుకపోయి చూస్తే ముగ్గురూ మంచిగనే ఉన్నరు. రోగం మనుషులకు లేదు, నీ గోడకున్నది."

మోటారు సైకిలు వేసుకుని మళ్లీ వెళ్లాను. ఆమె చెప్పింది నిజమే. కిటికీ వెలుతురు పసుపు గోడను తాకి ప్రతి మొహం మీదా పడుతోంది. నోటుబుక్కు తీసి చూస్తే ఆ పసుపులో తల్లి బకెట్ మగ్గు పడలేదు. సున్నం సరిపోక ఆ రోజు అసలు బకెటే కలపలేదు.

రంగు వేసిన చోటే ఆగదు. పక్కదాని మీద పడుతుంది, పక్కదాన్ని మార్చేస్తుంది. ఇప్పుడు దుకాణాల్లో యంత్రం ఉంది. కార్డు చూసి నంబరు కొడితే రంగు వస్తుంది. యంత్రాన్ని నేను తప్పు పట్టను, అది నాకంటే బాగా కొలుస్తుంది. కానీ ఆ కార్డు మీది రంగు ఒంటరిది. దాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి, తలుపు పక్కన, నేల పక్కన, మనిషి మొహం పక్కన పెట్టి చూడండి. నేను ఈ పాఠం నర్సమ్మ దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్న ఐదేళ్లకే మరిచిపోయాను. ఆ మరుపు గురించే ఇక చెప్పాలి.

బంగళాలో పటం

నది ఒడ్డున ఇంగ్లీషువాళ్ల కాలం నాటి బంగళా ఒకటి మా పరిధిలో ఉండేది. దాని పెద్ద గదిలో ఒక పటం. ముప్పై ఆరు అంగుళాల వెడల్పు, ఇరవై నాలుగు ఎత్తు. దాంట్లో ప్రాణహిత, అవతలి ఒడ్డు, ఆకాశం, అంతే. నది బూడిద రంగు, ఒడ్డు దానికంటే కొంచెం ముదురు, ఆకాశం కొంచెం లేత. మనిషి లేడు, చెట్టు లేదు, పక్షి లేదు. ఎవరు వేశారో, ఎవరు తెచ్చి పెట్టారో ఎవరికీ తెలియదు. పదిహేడేళ్లపాటు ఏటా ఆ గదికి సున్నం వేసేటప్పుడు దాన్ని దించి, పని అయ్యాక మళ్లీ తగిలించాను. దాన్ని ఒక్కసారి కూడా చూశానని చెప్పలేను.

అప్పటి ఇంజనీరు సాహెబు నాగపూర్ వైపు మనిషి. చెడ్డవాడు కాదు. కారే కప్పులు ఒక్క వానాకాలంలో బాగు చేయించాడు. అయితే ఖాళీని చూస్తే ఓర్వలేడు. ప్రతి గోడ మీదా ఒక నినాదం ఉండాలి, ప్రతి గుమ్మం మీదా ఒక పువ్వు ఉండాలి. పెద్ద అధికారి వస్తున్నాడని నాలుగు రోజుల ముందు బంగళా చూడటానికి వచ్చి పటం ముందు ఆగాడు.

"అరె మల్లేశ్, హే కాయ్ ఆహే? దీంట్లో ఏం ఉంది?"

"నది ఉన్నది సాహెబ్."

"నది సరే. నదిలో ఏం జరుగుతుంది?"

"ఏం జరుగుతలేదు సాహెబ్."

"మరి పెద్ద సాహెబ్ అడిగితే నేనేం చెప్పాలి? ఏం జరగట్లేదు అని చెప్పాలా? వానకు తడిసిన గోడ లాగుంది. మంచిగా కడుగు. ఒక పడవ వెయ్యి, ఒక సూర్యుడు వెయ్యి. చూసినవాళ్లకు ఏదో కనపడాలి కదా."

తప్పంతా సాహెబుదని రాయడం తేలిక. నిజం అది కాదు. ఆ మాట విన్నప్పుడు నాకు సంబరం కలిగింది. పదిహేడేళ్లు గోడలు పూసినవాడికి మొదటిసారి బొమ్మ వేయమని చెప్పారు.

మొదటి రోజు బట్టల సోడా నీళ్లతో, మెత్తని గుడ్డతో పటాన్ని తుడిచాను. ఐదు గుడ్డలకు గోధుమ రంగు మురికి వచ్చింది. ఆరో గుడ్డకు బూడిద వచ్చింది. అక్కడ ఆపాను. రెండో రోజు పడవ వచ్చే చోట వార్నిష్ పూశాను. పాతదాని మీద కొత్త రంగు నేరుగా పడకూడదన్నది ఉస్తాద్ నియమం. నాలుగో రోజు పొద్దున ఎనామిల్ రంగుతో పడవ, అందులో తెడ్డు పట్టిన మనిషి పూర్తయ్యారు. సూర్యుడు ఎక్కడ రావాలో అప్పటిదాకా తేల్చుకోలేదు. అవతలి ఒడ్డుకు కొంచెం పైన చిన్న మరక కనిపించింది. చెమ్మకు పట్టిన మరక అనుకున్నాను. దాన్ని కప్పినట్టూ ఉంటుంది, సూర్యుడూ వచ్చినట్టూ ఉంటుంది. వార్నిష్ పూసి ఆరబెట్టే సమయం లేదు. మధ్యాహ్నానికే అధికారి వస్తున్నాడు. మూడు అంగుళాల గుండ్రం గీసి ఎర్రగా నింపాను.

ఆ రోజు నోటుబుక్కులో రాసిన మాటలు ఇవి: "బంగళా పటం. మరక ఎడమ నుంచి పదకొండు అంగుళాలు, కింద నుంచి పదమూడు. మరక కొలత పొడవు రెండు అంగుళాలు, ఎత్తు ముప్పావు. పడవ కింద వార్నిష్ ఉంది. సూర్యుడి కింద వార్నిష్ లేదు. ఎందుకు: మరక కప్పేందుకు."

ఉస్తాద్ టీ తాగలేదు

పెద్ద అధికారి పటం ముందు నిలబడి ఫొటో దిగాడు. ఆఫీసులో వారం రోజులు అదే మాట. "ఇగ బొమ్మ బొమ్మలెక్కున్నది" అన్నారు అందరూ. వాళ్లన్నది అబద్ధం కాదు. బూడిద రంగు మధ్య ఎర్ర సూర్యుడు గది గుమ్మం నుంచే కనబడేవాడు. నదీ ఆకాశమూ మాత్రం ఎందుకో ముందుకంటే మురికిగా కనిపించాయి. ఇంకా కడగాల్సింది అనుకున్నాను. కామెర్ల గోడ గుర్తుకు రాలేదు.

హైదర్ ఉస్తాద్ అప్పటికి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. నేనే పిలుచుకొచ్చాను. పొగుడుతాడని పిలిచాను, అందులో దాపరికం లేదు. ఆయన చేతికర్ర ఆనించుకుని చాలాసేపు చూశాడు. చౌకీదారు టీ తెచ్చి ఇచ్చాడు.

"ఎట్లున్నది ఉస్తాద్?"

"సూర్యునికి మగ్గు పోసినవా?"

"లేదు ఉస్తాద్. ఇది గోడ కాదు గదా, బొమ్మ."

"ఎందుకేసినవ్?"

"మరకుండె."

ఆయన టీ గ్లాసు కిటికీ మీద పెట్టి, కర్ర పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ముసలాయనకు శిష్యుడి పేరు చూసి కడుపు మండిందనుకున్నాను. మరుసటి ఏడాది ఆయన పోయాడు. ఆ టీ గురించి నేను మళ్లీ అడగనే లేదు.

గులాబీ ఏది?

నేను దిగిపోయిన ఏడాదికి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పాత పటాలను బాగుచేసే చదువు చదివిన సుజాత మేడం బంగళాకు వచ్చిందని, గోడల చెమ్మ గురించి తెలిసినవాడిని కాబట్టి రమ్మని. మేడం మంచిర్యాల అమ్మాయి, ముప్పై దాటి ఉండవు. పటాన్ని జిల్లా కేంద్రం గడ్చిరోలిలో ప్రదర్శనకు పెట్టాలని పెద్దవాళ్ల ఆలోచన. ఆ రోడ్డు కుదుపులకు రంగు రాలిపోతుందని, పని ఇక్కడే చేస్తానని ఆమె పట్టుబట్టింది. నేను వెళ్లేసరికి పటం బల్ల మీద పడుకుని ఉంది. ఆమె కంటికి అద్దం పెట్టుకుని సూర్యుణ్ని చూస్తోంది.

"కాకా, ఈ బొమ్మ విక్టోరియా రాణి కాలం నాటిది. వేసినోళ్లు ఎవరో గాని వాళ్లకు ఇంగ్లండుల అప్పుడు నడుస్తున్న లొల్లి ఎర్కున్నది."

"ఏం లొల్లి మేడం?"

"ఆ కాలంల బొమ్మంటే కథ చెప్పాలె. యుద్ధం నుంచి తిరిగిరాని సిపాయి పెండ్లాం, మంచం పట్టిన పిల్ల, తప్పు చేసి తలదించుకున్న మనిషి. చూసినోళ్లు కండ్లు తుడుసుకోవాలె, ఏదన్న బుద్ధి నేర్సుకోవాలె. కొందరు ఎదురు తిరిగిర్రు. పాట వింటే దీంట్ల ఏం జరిగిందని అడుగుతవా? రాగం మంచిగుంటే చాలంటవు. రంగుకెందుకు ఆ హక్కు లేదన్నరు. ముదురు, లేత ఒకదానికొకటి పొందితే చాలు, అందం ఇంకో పని చెయ్యనక్కర లేదన్నరు. బొమ్మల ఏం జరుగుతలేదని వాళ్లను గూడ మస్తు తిట్టిర్రు."

ఏం జరుగుతలేదు. ఆ మాట ఈ గదిలోనే, ఈ పటం ముందే నా నోటితో నేనే అన్నాను.

"వాళ్ల పని తీరు గూడ వేరే" అని ఆమె చెప్పుకుపోతోంది. "బొమ్మ మొదలుపెట్టకముందే ఒక రంగు ఎక్కువ కలిపి పెట్టుకునేటోళ్లు. ఆకాశంల, నీళ్లల్ల, ఒడ్డుల, అన్నిట్ల అది జర జర పడేది. అందుకే ఏదీ ముందుకు దుంకదు."

"తల్లి బకెట్" అన్నాను.

"ఏంది కాకా?"

చదువు లేని మా ఉస్తాద్ సిరోంచలో సున్నం బకెట్‌తో చేసిన పని, ఎక్కడో సముద్రాల అవతల పెద్ద చదువుల మనుషులు వాదించి, తిట్లు తిని నిలబెట్టిన పని ఒక్కటే. ఆ పని తెలిసిన చేతులు సిరోంచ మొత్తంలో అప్పుడు ఇద్దరివే ఉండేవి. మొదటివి ఉస్తాద్‌వి, రెండోవి నావి. పటాన్ని పాడు చేసినవి ఆ రెండోవే.

అప్పుడు ఆమె పటాన్ని మెల్లగా తిరగేసి వెనక గుడ్డ మీది ఇంగ్లీషు రాత చూపించింది. కింద పేరు లేదు, రెండు పొడి అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఆమె నా కోసం తెలుగులో చదివింది.

"'బూడిద, గులాబీ: ఒక పొందిక.' బూడిద సరే కాకా, కనపడుతున్నది. గులాబీ ఏది? మూడు రోజుల నుంచి ఎతుకుతున్న. ఈ సూర్యుడు మాత్రం గులాబీ కాదు, కుంకుమ డబ్బా."

టీ గ్లాసు సంగతి మొదట రాశాను కదా, అది అప్పుడే. మరక రెండు అంగుళాలు, ముప్పావు. ఎడమ నుంచి పదకొండు, కింద నుంచి పదమూడు. లేత ఎరుపు. చెమ్మ మరక అంత సమంగా, అంత మెత్తగా ఉండదని ముప్పై ఏళ్లు చెమ్మ మరకలు గీకినవాడికి తెలియాలి.

ఆమె ఇంకొక మాట కూడా చెప్పింది. కొత్త అధికారికి సూర్యుడు బాగా నచ్చాడట. గడ్చిరోలిలో పెట్టే పెద్ద పోస్టరు మీద ఆ సూర్యుణ్నే వేస్తారట. బూడిదను ఇంకా కడిగి తెల్లగా తేల్చి సూర్యుడికి తగ్గట్టు చేయమన్నాడట.

"సూర్యుడు అసలుది కాదని నాకు అనుమానం ఉన్నది. అనుమానంతోటి పైనుంచి వచ్చిన కాగితం మారది. రేపు ఆ మూల నుంచి బూడిద పలచన చేసుడు మొదలుపెట్టాలె."

నేను గ్లాసు చేత్తో పట్టుకునే బయటికి వచ్చేశాను. ఇంట్లో మా ఆవిడ పోసక్క ఆ గ్లాసు చూసి మొదట నవ్వింది. తర్వాత మొహం చూసి కూర్చోబెట్టింది. మొత్తం చెప్పాను.

"చెప్తే ఏమైతది?" అంది.

"పేరు పోతది."

"చెప్పకుంటే?"

"బొమ్మ పోతది. రేపు మిగిలిన బూడిద గూడ కడుగుతరు."

"ముప్పై ఏండ్లు ఊరంత రంగులేసినవ్. ఏ గోడ మీదన్న నీ పేరు రాసి ఉన్నదా, పోనీకి?"

ఆరో గుడ్డ

పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని వెళ్లాను. ఆమె దూది, సీసాలు బల్ల మీద సర్దుకుని చేతి తొడుగులు వేసుకుంటోంది. పేజీ తెరిచి ముందు పెట్టాను. మరాఠీ అంకెలు, తెలుగు మాటలు కలిసి ఉన్నాయి. వేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చదివి వినిపించాను, కడిగిన ఆరు గుడ్డల సంగతీ చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను. తొడుగులు తీసేసి కుర్చీలో కూర్చుంది.

"ఐదు గుడ్డలకు గోధుమ రంగు వచ్చింది. అది పాత వార్నిష్, పోయినా పర్వలేదు. ఆరో గుడ్డకు బూడిద వచ్చిందన్నవు."

"అవు బిడ్డా. అక్కడ ఆపిన."

"ఆరో గుడ్డకు వచ్చింది మురికి కాదు కాకా. బొమ్మ."

ఉద్యోగంలో సాహెబులు నన్ను చాలా మాటలన్నారు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు. ఆమె మాట మాత్రం ఇది రాస్తుంటే కూడా చెవిలో ఉంది. ఆ ఆరో గుడ్డను పటం కడిగిన రోజే పిండి, ఆరవేసి, మరునాడు కిటికీ చువ్వలు తుడవడానికి వాడాను.

ఆమె నోటుబుక్కు పేజీని ఫొటో తీసి పైకి పంపింది. కొత్త అధికారి ఫోన్‌లో నా మీద గట్టిగా అరిచాడు. పోస్టరు సంగతేమిటని అడిగాడు. నేను "తప్పు నాదే సాహెబ్" అని ఒక్కటే మాట నాలుగుసార్లు చెప్పాను. సాయంత్రానికి బూడిద కడగవద్దని, సూర్యుణ్ని తీయవచ్చని కాగితం వచ్చింది.

పడవ రెండు రోజుల్లో వచ్చేసింది. వార్నిష్ పొర మీద నుంచి ఉల్లిపొట్టులా లేచింది. కింద నది నదిలాగే ఉంది. సూర్యుడికి పంతొమ్మిది రోజులు పట్టింది. కంటికి అద్దం, చేతిలో సన్నని కత్తి, ఆవగింజంత చోటు, మళ్లీ ఆవగింజంత చోటు. ఎనామిల్ కింద అడ్డుపొర లేదు. కొన్నిచోట్ల ఎరుపు లేచేటప్పుడు కింది రంగును పట్టుకునే లేచేది. అలా జరిగిన ప్రతిసారీ ఆమె కత్తి కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడేది. నేను రోజూ వెళ్లాను, గుమ్మం దాటలేదు.

ఇరవయ్యో రోజు పిలిచింది. వెళ్లి చూశాను. పదకొండు, పదమూడు. నా కొలత అంగుళంలో పదో వంతు కూడా తప్పలేదు. అక్కడ గులాబీ ఉంది. నేను మరకని రాసింది, పొద్దు పూర్తిగా మునిగాక ఆకాశం మీద కొంచెంసేపు నిలిచే వెలుగు. ఒకటిన్నర చదరపు అంగుళాల్లో అర చదరపు అంగుళం మిగిలింది. మిగతా చోట ఉత్త గుడ్డ తెల్లగా కనబడుతోంది.

చివరి కలుపు

"నేను నింపుత" అన్నాను. "మిగిలినదాన్ని చూసి సరిగ్గ అదే గులాబీ కలుపుత. వెంట్రుకవాసి తేడా రానియ్య."

"వద్దు కాకా."

"నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉన్నది. కాని పోయిన కాడ గులాబీ ఎంత ముదురుండె, ఎంత లేతుండె? నీకు ఎర్కనా?"

"కొలత రాసిన."

"కొలత రాసినవ్. రంగు రాయలే. మరక అని రాసినవ్."

ముప్పై ఒక్క ఏళ్లు నోటుబుక్కును చూసుకుని గర్వపడ్డాను. ఆ పేజీలో అంకెలన్నీ ఒప్పే, మాట ఒక్కటే తప్పు. అది ఒక్కటే దిద్దలేనిది.

ఆమె పద్ధతి వేరు. పోయినచోట పోలిక రంగు వేసి నమ్మించకూడదు. చుట్టూ ఉన్నదాన్ని చెడగొట్టకుండా సద్దుమణిగి ఉండే రంగు వేయాలి. రేపు ఎవరైనా కావాలంటే తడి దూదితో తీసేయగలగాలి. దానికి తగిన రంగులు ఆమె దగ్గర ఉన్నాయి. "బూడిద కలుపు కాకా. ఇది నాకంటే నీకు మంచిగ వస్తది" అని తెల్ల పింగాణీ పళ్లెం నా ముందు పెట్టింది.

బియ్యపు గింజంత తెలుపు, దాంట్లో నాలుగో వంతు నలుపు, సూది మొన అంత ఎరుపు, అంతకంటే తక్కువ నీలం. మొదటి కలుపు తడి మీద బాగుంది, ఆరాక లేతబడింది. రెండోది ముదురైంది. మూడోది, నాలుగోది, ఐదోది కాగితం ముక్కల మీద పూసి, ఆరబెట్టి, ఆకాశం పక్కన, ఒడ్డు పక్కన, గులాబీ పక్కన పెట్టి చూశాను. తొమ్మిదోది ఎక్కడ పెట్టినా నోరెత్తలేదు. ఆమె సన్నని కుంచెతో దాన్ని ఖాళీలో చుక్కచుక్కగా దించింది.

మూడు రోజుల తర్వాత పటాన్ని మళ్లీ బంగళా గోడకు తగిలించారు. ఏడు అడుగుల దూరంలో నిలబడ్డాను. మొదట ఏమీ కనబడలేదు. నది, ఒడ్డు, ఆకాశం. మూడు బూడిదలనుకున్నాను. చూస్తూ నిలబడితే ఐదయ్యాయి, తర్వాత లెక్క తప్పింది. నేను లెక్క తప్పడం అదే మొదలు. మిగిలిన ఆ కాస్త గులాబీ అప్పుడు కనిపించింది. అది కనిపించాక నీళ్లలో కూడా ఎక్కడెక్కడో ఆవగింజలంత చుక్కల్లో దాగిన గులాబీ పైకి వచ్చింది. పదిహేడేళ్లు ఏటా ఈ చేతులతో ఎత్తి దించిన పటం ఇది. అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఇది సిగ్గువల్ల అని ఆ రోజు పోసక్కకు చెప్పాను. సగమే నిజం. ఒక ఉత్త బూడిద నది మనిషిని అలా పట్టుకుని నిలబెట్టగలదని నాకు ఎవరూ చెప్పలేదు. లేదు, ఒకాయన చెప్పాడు. టీ తాగకుండా వెళ్లిపోయి చెప్పాడు.

"దీంట్ల ఏం జరుగుతున్నది కాకా?" అని సుజాత మేడం వెనక నుంచి నవ్వుతూ అడిగింది.

"ఏం జరుగుతలేదు బిడ్డా" అన్నాను. ఇద్దరం అలాగే నిలబడ్డాం.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాను. రిటైరయ్యాక అదే మొదటి పేజీ, అదే చివరిది కూడా. తేదీ రాశాను. జాగా రాశాను: బంగళా పటం, ఎడమ నుంచి పదకొండు, కింద నుంచి పదమూడు. కొలత రాశాను: తొమ్మిదో కలుపు, తెలుపు, నలుపు, ఎరుపు, నీలం, ఏది ఎంతో. పక్కన రంగు కూడా రాశాను. అది గళ్లలో లేని మాట, అంచున రాయాల్సి వచ్చింది: "గులాబీ పక్కన సద్దుమణిగే బూడిద."

నాలుగో గడిలో, ఎందుకు అన్న చోట, ఏమీ రాయలేదు. నా ముప్పై రెండు నోటుబుక్కుల్లో ఉస్తాద్ తిట్టిన తర్వాత ఖాళీగా ఉన్న గడి అది ఒక్కటే. ఎవరైనా తిరగేస్తే మరిచిపోయాడనుకుంటారేమో. మరిచిపోలేదు.